బైపాస్ కోసం వేచి ఉండే రోజులు - పొంచి ఉండే ప్రమాదాలు

"యాంజియోగ్రామ్ తీయగా మూడు రక్తనాళాలు పూడుకొని ఉన్నాయని తేలింది. డాక్టరుగారు బైపాస్ చేయించుకొమ్మన్నారు. ఆపరేషన్ అవసరం లేకుండా మూలికలతో నయమయ్యే మార్గమేదైనా ఉంటే దయచేసి తెలుపగలరు." ఈ అర్థం వచ్చే ఉత్తరాలు, ఫోన్లు నాకు ప్రతి నెలా వస్తూనే ఉంటాయి.

నేను ఆయుర్వేద వైద్యుడను. ముప్పది సంవత్సరాలుగా హృద్రోగులకు తెల్లమద్ది బెరడును, పుష్కరమూలాన్ని వాడిస్తూనే ఉన్నాను. అయినప్పటికీ ఇటువంటి ఉత్తరాలకు మందు పేరుతో సమాధానం మొదలుపెట్టను. "మీ గుండె ఎన్ని రోజులు ఆగగలదని డాక్టరు చెప్పారు?" అని తిరిగి అడుగుతాను. చాలామంది ఈ మాట డాక్టరును అడిగి ఉండరు. ఆపరేషన్‌కు ఎంత ఖర్చవుతుంది, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఎన్ని కుట్లు పడతాయి, అన్నీ అడుగుతారు. ఆపరేషన్ వరకు గడిచే రోజులలో ఏమి జరగవచ్చునో మాత్రం అడగరు. నిజానికి ఈ వ్యాధిలో రోగి ఏ రక్షణా లేకుండా ఉండే కాలం అదే.

ఆలస్యం ఎక్కడ జరుగుతున్నది?

కెనడా, స్వీడన్ వంటి దేశాలలో చికిత్స భారం ప్రధానంగా ప్రభుత్వానిదే గనుక అక్కడి రోగులు పట్టికలో పేరు నమోదు చేయించుకొని తమ వంతు కోసం వేచి ఉంటారు. మన ప్రభుత్వాసుపత్రులలోనూ ఆ పరిస్థితి కలదు. కాని మన మధ్యతరగతి ఇళ్ళలో జరిగే ఆలస్యానికి చాలావరకు ఆసుపత్రి వరుసతో సంబంధం లేదు. ఆషాఢం వెళ్ళనివ్వాలి. శుక్రమూఢం దాటాలి. అమ్మాయి పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నాము, అది కానివ్వాలి. మనుమడి పరీక్షలు ముగియాలి. అమెరికాలోని అబ్బాయికి సెలవు దొరకాలి. ఫిక్సెడ్ డిపాజిట్ గడువు తీరాలి. ఈలోగా పరామర్శకు వచ్చిన ప్రతి బంధువూ ఒక సలహా విడిచిపెట్టి వెళతాడు. తనకు తెలిసిన వారెవరో ఆపరేషన్ లేకుండానే పదేళ్ళు బ్రతికారని ఒకరు, ఆపరేషన్ బల్లపైనే పోయారని మరొకరు చెబుతారు. ఇద్దరి మాటలూ కలిసి రోగిని ఇంట్లోనే కూర్చోబెడతాయి.

మన్మోహన్ సింగ్ గారి ఉదాహరణను ఈ సందర్భంలో తరచు చెబుతుంటాను. ఆయనకు 1990లో బ్రిటన్‌లో ఒకసారి బైపాస్ జరిగింది. ప్రధానమంత్రిగా ఉండగా 2009 జనవరిలో మళ్ళీ పూడికలు బయటపడ్డాయి. రెండు రోజులలో గణతంత్ర దినోత్సవం, కొద్ది నెలలలో సార్వత్రిక ఎన్నికలు. అయినా జనవరి 24న ఢిల్లీలోని ఎయిమ్స్‌లో డాక్టర్ రమాకాంత పండా నేతృత్వంలోని బృందం ఆయనకు రెండవ బైపాస్ చేసింది. ఆ ఏడాది గణతంత్ర వేడుకలు ప్రధానమంత్రి లేకుండానే జరిగాయి. ఆయన మే నెలలో తిరిగి ప్రధానిగా ప్రమాణం చేశారు. 2024 డిసెంబరులో, 92వ ఏట మరణించారు. దేశానికి ప్రధానమంత్రి అయిన వ్యక్తి పని వాయిదా పడగా లేనిది, మన ఇంటి శుభకార్యాన్ని ఒక నెల జరుపుకొనరాదా?

ధమని లోపల జరిగేది

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. దేహమంతటికీ రక్తాన్ని పంపే ఈ అవయవం తన ఆహారాన్ని తన గదులలోని రక్తం నుండి నేరుగా తీసుకొనదు. మహాధమని మొదటిలోనే పుట్టే రెండు చిన్న ధమనులు దానిని పోషిస్తాయి. వీటినే కరోనరీ ధమనులు అంటారు. ఎడమవైపుది కొద్ది దూరం ఒకే కాండంగా సాగి, రెండు పెద్ద కొమ్మలుగా చీలుతుంది. ఆ కాండాన్నే వైద్యులు 'లెఫ్ట్ మెయిన్' అంటారు. దాని లోపలి వ్యాసం సుమారు 4 మిల్లీమీటర్లు, కొమ్మలవి అంతకంటె తక్కువ. అంటే ఒక గోధుమగింజ మందపు దారిపై మన ప్రాణం ఆధారపడి ఉన్నది.

ఈ ధమనులలో కొవ్వు చేరడాన్ని చాలామంది నీటి గొట్టంలో పాచి పట్టడంతో పోల్చుకుంటారు. పాచి మెల్లమెల్లగా పెరుగుతుంది, కనుక 70 శాతం ఉన్నది 80 కావడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా ఏదైనా కషాయంతో కడిగివేయవచ్చునని భావిస్తారు. ఈ పోలిక పొరపాటైనది, ఆలస్యానికి మూలమైనది కూడ ఇదే. కొవ్వు గొట్టం లోపల అంటుకొని ఉండదు, ధమని గోడలోనే, సన్నని పొర క్రింద కురుపులో చీము వలె ఉంటుంది. ఒకనాడు ఆ పొర చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకడుతుంది. నిన్నటివరకు 70 శాతం మూసుకొని ఉన్న ధమని కొన్ని నిమిషాలలో నూటికి నూరు శాతం మూసుకొనిపోవచ్చును. అది తెల్లవారుజామున స్నానాల గదిలో జరగవచ్చును, పెళ్ళి పందిరిలో జరగవచ్చును. ముందుగా తేదీ చెప్పదు. రక్తం అందని కండరం అరగంట లోపే చనిపోవడం ఆరంభిస్తుంది. చనిపోయిన గుండె కండరం మరల పుట్టదు, అక్కడ మచ్చ మాత్రమే మిగులుతుంది.

బైపాస్ శస్త్రచికిత్సలో ఈ కొవ్వును తొలగించరు. ఛాతీ గోడ లోపలి ధమనిని గాని, కాలి సిరను గాని తెచ్చి, పూడికకు ఆవలివైపున కలిపి రక్తానికి వేరే దారి వేస్తారు. అందువలన తరువాత ఎన్నడైనా పాతదారిలో పొర చిట్లి గడ్డ కట్టినా, ఆవలి కండరానికి రక్తం చేరుతూనే ఉంటుంది. శస్త్రచికిత్స వలన కలిగే రక్షణ ఇదే. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ రెనే ఫవలోరో కాలిసిరతో ఈ పద్ధతిని స్థిరపరచారు. మనదేశంలో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం.చెరియన్ మొదటి బైపాస్ చేశారు. నేడు జిల్లా కేంద్రాలలో సైతం జరుగుతున్న ఈ ఆపరేషన్‌కు మన ఇళ్ళలో ఇంకా యాభై ఏళ్ళనాటి భయమే ఉండడం ఆశ్చర్యకరం.

నొప్పి తగ్గింది కదా!

ఆలస్యానికి కారణాలన్నింటిలోను నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ మాట. నాకు బాగా తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని సంగతి చెబుతాను. వయస్సు 62, మధుమేహం 12 సంవత్సరాలుగా ఉన్నది. లెఫ్ట్ మెయిన్‌లో పూడిక, దానితోపాటు మరి రెండు నాళాలలో కూడ. గుండె పంపింగ్ 45 శాతం. రెండు వారాలలోపు ఆపరేషన్ కావలెనని శస్త్రవైద్యుడు చెప్పారు. ఇంట్లో వారు మనుమడి ఒడుగు ముగిసిన తరువాత, అంటే అయిదు వారాలకు, అని నిశ్చయించారు. ఈలోగా వాడుకొనుటకు తెల్లమద్ది పాలు వ్రాసి ఇమ్మని నా వద్దకు వచ్చారు. "ముందు ఆసుపత్రిలో చేరండి మాస్టారూ, పాలు ఎక్కడికీ పోవు" అన్నాను. వారికి ఆ సమాధానం రుచించలేదు. మరెక్కడో బెరడు తెచ్చుకొని పాలలో కాచుకొని త్రాగడం మొదలుపెట్టారు.

రెండు వారాలకు ఆయనే ఫోన్ చేసి, నొప్పి పూర్తిగా పోయిందని సంతోషంగా చెప్పారు. ఉదయపు నడక సాగుతున్నదా అని అడిగాను. భార్య వద్దన్నదట, మానివేశారు. మేడ మెట్లు ఎక్కుతున్నారా అంటే, క్రిందిగదిలోనే మంచం వేయించుకున్నారు. శ్రమ తగ్గినప్పుడు గుండె అడిగే రక్తం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. పూడిక ఎక్కడ ఉన్నది అక్కడనే ఉన్నది. మధుమేహం ఉన్నవారిలో నరాలు మొద్దుబారడం వలన అసలు నొప్పే తెలియకపోవచ్చును కూడ. ఈ రెండు సంగతులూ వివరించి, వెంటనే వెళ్ళండని మళ్ళీ చెప్పాను.

మూడవ వారంలో ఒక అర్ధరాత్రి ఆయనకు పొట్ట పైభాగాన పట్టేసినట్లు, చెమటలు. గ్యాస్ అనుకొని సోడా ఇచ్చారు, వాము నమిలించారు, వీపు రాశారు. తెల్లవారిన తరువాత ఆసుపత్రికి తీసుకొనివెళ్ళారు. ప్రాణం దక్కింది. ఆ తరువాత బైపాస్ కూడ జరిగింది. కాని 45 శాతం ఉన్న పంపింగ్ ఆ ఒక్క రాత్రితో 25కు పడిపోయింది. బలహీనపడిన గుండెపై చేసినందున ఆపరేషన్ ప్రమాదమూ పెరిగింది, ఆసుపత్రి రోజులూ పెరిగాయి. ఒడుగు జరిగింది, తాతగారు లేకుండా. ఇప్పుడు ఆయన పెరటిలోకి నడిచి వస్తే ఆయాసపడతారు. వేచి ఉండడం వలన వచ్చే నష్టం అనగానే అందరికీ మరణమే గుర్తుకు వస్తుంది. ఇలా బ్రతికి ఉండి అనుభవించే నష్టం ఎవరి లెక్కలలోను కనపడదు.

లెక్కలు చెప్పేది

స్వీడన్ వైద్యులు బైపాస్ పట్టికలో ఉన్న 5,864 మందిని పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 77 మంది, అనగా నూటికి 1.3 మంది, తమ వంతు రాకముందే మరణించారు. ఎదురుచూపు ఒక్కొక్క నెల పెరిగేకొద్దీ మరణించే అపాయం సుమారు 11 శాతం చొప్పున హెచ్చింది. నూటికి ఒకరే కదా అని తోచవచ్చును. కాని ఆ దేశంలో ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని ముందుగా పిలిచి ఆపరేషన్ చేస్తారు, వెనుక మిగిలినవారు ఆగగలరని వైద్యులు తేల్చినవారు. మన ఇళ్ళలో ఎవరు ఆగవచ్చునో తేల్చేది పంచాంగం, పెళ్ళిపత్రిక. ఆ లెక్క ఇక్కడ వర్తించదు.

మందులకు, ఆపరేషన్‌కు గల తేడాను తెలిపే మరొక లెక్క. 7 పరిశోధనలలోని 2,649 మంది వివరాలను కలిపి 1994లో ప్రకటించారు. అయిదేళ్ళలో మొదటనే బైపాస్ చేయించుకున్నవారిలో 10.2 శాతం మరణించగా, మందులతో మొదలుపెట్టినవారిలో 15.8 శాతం మరణించారు. లెఫ్ట్ మెయిన్ పూడిక ఉన్నవారిలో ఈ తేడా మరీ ఎక్కువ. నాటికంటె నేటి మందులు మెరుగైనవన్నది నిజమే, అయినా లెఫ్ట్ మెయిన్ విషయంలో వైద్యుల అభిప్రాయం మారలేదు.

న్యాయంగా రెండవ వైపు కూడ చెప్పవలెను. పూడిక ఉన్న ప్రతివారి ఇంటికీ నిప్పు అంటుకొని లేదు. మనదేశంతో సహా 37 దేశాలలో 5,179 మందిపై జరిగిన ఒక పెద్ద పరిశోధన 2020లో వెలువడింది. నిలకడగా ఉన్న రోగులలో, వెంటనే స్టెంటుకో బైపాస్‌కో వెళ్ళినవారికి, ముందుగా మంచి మందులతో ఆగినవారికి మధ్య సుమారు మూడేళ్ళలో గుండెపోటు, మరణాల మొత్తంలో చెప్పుకోదగిన తేడా కనపడలేదు. అయితే లెఫ్ట్ మెయిన్ పూడిక ఉన్నవారిని, పంపింగ్ 35 శాతం కంటె తక్కువ ఉన్నవారిని ఆ పరిశోధనలో చేర్చుకొననేలేదు. ఈ చివరి వాక్యాన్ని విడిచిపెట్టి మిగిలినది మాత్రమే వాట్సాప్‌లో పంచుకొనే బంధువులు మనకు చాలామంది ఉన్నారు.

కెనడా దేశం 2005 డిసెంబరులో బైపాస్ రోగులను మూడు తరగతులుగా విభజించి గడువులు నిర్ణయించింది. మొదటి తరగతికి 2 వారాలు, రెండవదానికి 6 వారాలు, మూడవదానికి 26 వారాలు. ఒకే జబ్బులో ఒకరు రెండు వారాలు కూడ ఆగరాదు, మరొకరు ఆరు నెలలు ఆగవచ్చును. కనుక ప్రక్కింటివారు ఎన్నాళ్ళు ఆగారన్నది మీకు కొలత కానేకాదు. మీ యాంజియోగ్రామ్ కాగితం తీసుకొనివెళ్ళి మీ డాక్టరును సూటిగా అడగండి. లెఫ్ట్ మెయిన్‌లో పూడిక ఉన్నదా? ముందువైపు పెద్ద కొమ్మ మొదట్లోనే ఉన్నదా? మూడు నాళాలూ దెబ్బతిన్నాయా? పంపింగ్ ఎంత? ఈ జవాబులకు మధుమేహం తోడైతే గడువు ఇంకా తగ్గుతుంది. చివరిగా, "మీరు చెప్పిన గడువు ఎన్ని రోజులు?" అని అడిగి ఆ సంఖ్యను అదే కాగితంపై వ్రాయించుకోండి. వ్రాసిన సంఖ్య ఇంట్లో వాదనలను తగ్గిస్తుంది, ఇది నా అనుభవం.

ఆపరేషన్ భయంతో "రెండు స్టెంట్లు వేసి పంపివేయండి" అని డాక్టరును బ్రతిమాలేవారూ ఉన్నారు. మధుమేహంతోపాటు అనేక నాళాలలో పూడికలున్న 1,900 మందిపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి అయిదేళ్ళలో స్టెంటు వేయించుకున్నవారిలో 26.6 శాతం, బైపాస్ వారిలో 18.7 శాతం. సులభమైనది అన్నివేళలా మేలైనది కాదు.

మన శాస్త్రం ఏమి చెబుతున్నది?

చరకుడు శిరస్సు, హృదయం, వస్తి అనే మూడింటిని ప్రధాన మర్మాలుగా ఎన్ని, వాటికి ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. సుశ్రుతుడు హృదయాన్ని సద్యఃప్రాణహర మర్మాలలో, అంటే దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం తీసే వాటిలో చేర్చాడు. వారికి యాంజియోగ్రామ్ లేదు, కాని ఈ అవయవం గడువు ఇవ్వదని తెలుసు. మరొక సంగతి. కాయచికిత్సకు పెద్దదిక్కైన చరకుడే గుల్మచికిత్సలో, గుల్మం పక్వమైన తరువాత అది ధాన్వంతర సంప్రదాయపు శస్త్రవైద్యుల అధికారమని చెప్పి ప్రక్కకు తప్పుకున్నాడు. తన పరిధి ఎక్కడితో ముగుస్తుందో తెలియడం కూడ వైద్యంలో భాగమని ఆయన ఎరుగును. ఆయుర్వేదం పేరు చెప్పి రోగిని శస్త్రవైద్యుని వద్దకు పోకుండా ఆపేవారు ఈ అధ్యాయం చదివినట్లు లేదు.

తెల్లమద్ది బెరడును హృద్రోగాలలో వాడడం మనకు పరంపరగా వస్తున్నది. 2002లో మనదేశంలోనే నిలకడగా ఉన్న గుండెనొప్పి గల 58 మంది పురుషులపై దీనిని పరీక్షించారు. నొప్పి వచ్చే పర్యాయాలు తగ్గాయి, ట్రెడ్‌మిల్‌పై నడవగల శక్తి కొంత పెరిగింది. ఇది సంతోషించదగిన విషయమే. అయితే ఒక్కొక్కరికి మందు ఇచ్చినది ఒక వారం మాత్రమే, చూసినది నొప్పిని, నడకను. పూడికలు కరిగాయని గాని, మరణాలు తగ్గాయని గాని ఆ పరిశోధన చెప్పలేదు. మనం దానిచేత చెప్పించరాదు. గుగ్గులు సంగతి మరీ చిత్రం. అది కొలెస్ట్రాలును తగ్గిస్తుందని ఎంతోకాలంగా నమ్ముతున్నాము. 2003లో వెలువడిన అమెరికా పరిశోధనలో 103 మందికి ఎనిమిది వారాలపాటు పరీక్షించగా, చెడు కొలెస్ట్రాలు తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది.

అల్లం, వెల్లుల్లి, నిమ్మరసాలను ఆపిల్ వెనిగర్‌తో మరిగించి తేనె కలిపే మిశ్రమం నేడు ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోను ఉన్నది. ఏర్పడిన పూడికను అది కరిగించదు. పైగా బైపాస్‌కు వేచి ఉన్నవారు సాధారణంగా ఆస్పిరిన్, ఒక్కొక్కసారి క్లోపిడోగ్రెల్ కూడ వాడుతుంటారు. వీటికి తోడు ఎక్కువ మోతాదులో పచ్చి వెల్లుల్లి, అల్లం రసం, గుగ్గులు చేరితే రక్తస్రావం అధికం కావచ్చును. చారులో, కూరలో వేసే వెల్లుల్లికి అభ్యంతరం లేదు. అతిమధురం రక్తపోటును పెంచుతుంది, పొటాషియమ్‌ను తగ్గిస్తుంది, దగ్గుకని కూడ ఈ రోజులలో నమలరాదు. పేరు తెలియని భస్మాలు, పొట్లాలు అసలే వద్దు. మీరు వాడుతున్న ప్రతి చూర్ణాన్ని, లేహ్యాన్ని ఆపరేషన్ చేసే డాక్టరుకు, మత్తుమందు ఇచ్చే డాక్టరుకు చెప్పితీరవలెను. వారు ఏమనుకుంటారోనని దాచేవారు చాలామంది.

సెలైన్ ద్వారా ఇ.డి.టి.ఎ. ఎక్కించి పూడికలు కడుగుతామనే చిలేషన్ కేంద్రాల ప్రకటనలు కూడ మీరు చూసే ఉంటారు. గుండెపోటు వచ్చిన మధుమేహ రోగులు సుమారు వెయ్యిమందిపై ఈ పద్ధతిని పరీక్షించిన పరిశోధన 2024లో వెలువడింది. ప్రయోజనం కనపడలేదు. ఆ ఇరవై, ముప్పై వారాల సెలైన్ల కాలమే ఆపరేషన్ ఆలస్యమయ్యే కాలం.

ఆ రోజులు గడిపే విధం

గడువు ఎంతైనా కొన్నిరోజులు వేచి ఉండక తప్పదు. డాక్టరు వ్రాసిన మందులు ఒక్కపూట కూడ మానరాదు. ఆపరేషన్‌కు ముందు రక్తాన్ని పలుచబరిచే కొన్ని మందులను ఆపవలసి ఉంటుంది. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా అయిదు రోజుల ముందు ఆపిస్తారు. 2004 సెప్టెంబరులో అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్‌కు బైపాస్ అవసరమైనప్పుడు, ఈ మందు ప్రభావం తగ్గడానికి వైద్యులు కొన్ని రోజులు ఆగారు. కాని ఆయన ఆ రోజులు ఆసుపత్రిలోనే ఉన్నారు. ఏ మందు, ఏ రోజు ఆపవలెనో శస్త్రవైద్యుడు చెప్పవలెను, మీరు కాదు. ఆస్పిరిన్‌ను చాలామందికి చివరివరకు కొనసాగిస్తారు.

పొగత్రాగడం ఆ రోజే మానవలెను. ఊపిరితిత్తులు ఎంత శుభ్రంగా ఉంటే ఆపరేషన్ తరువాత అంత త్వరగా కోలుకుంటారు. మూడు బంతులుండే ఊపిరి పరికరాన్ని ఇప్పటినుండే అభ్యాసం చేయవచ్చును. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం ఈ రోజులలో పనికిరావు. కళ్ళు మూసుకొని మెల్లగా శ్వాస విడవడం చాలు. ఆహారం కొంచెం కొంచెంగా నాలుగు పర్యాయాలు తీసుకోవలెను. కడుపునిండా తిని వెంటనే నడిస్తే నొప్పి వస్తుంది. ఊరగాయలు, అప్పడాలు తగ్గించండి. మధుమేహం మందులు వేసుకొనేవారు ఏకాదశి ఉపవాసాలు మానవలెను. మలవిసర్జనకు ముక్కడం గుండెకు భారం, కాబట్టి రాత్రివేళ గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల ఇసబ్‌గోల్ మంచిది. ఆపరేషన్‌కు ముందే మొక్కు తీర్చుకుంటామని అలిపిరి నుండి 3,500కు పైగా మెట్లు ఎక్కబోయిన దంపతులను నేను ఎరుగుదును. మొక్కు తరువాత తీర్చుకోవచ్చును, అప్పుడైనా బస్సులో వెళ్ళడం మేలు.

రోగి నొప్పి ఎలా ఉన్నదో రోజూ ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకుంటే మంచిది. ఇంతకుముందు రెండు అంతస్తులు ఎక్కితే వచ్చినది ఇప్పుడు పది అడుగులకే వస్తున్నదా, విశ్రాంతిగా కూర్చున్నప్పుడు వస్తున్నదా, నిద్రలో లేపుతున్నదా, మునుపటికంటె ఎక్కువసేపు ఉంటున్నదా? వీటిలో ఏ ఒక్కటి జరిగినా పాత గడువు రద్దయినట్లే. అదేరోజు ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పవలెను. స్త్రీలలో, మధుమేహ రోగులలో ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, దవడ లాగడం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చును. బైపాస్‌కు వేచి ఉన్న మనిషికి గ్యాస్ అనేది లేదు, డాక్టరు ఇ.సి.జి. చూసి అది గ్యాసేనని చెప్పేవరకు.

నొప్పి వచ్చినప్పుడు రోగిని కూర్చోబెట్టి, డాక్టరు ఇచ్చిన సార్బిట్రేట్ మాత్రను నాలుక క్రింద ఉంచవలెను. నిలబడి వేసుకుంటే రక్తపోటు పడిపోయి తూలిపోతారు. అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ వంటి మాత్రలు వాడినవారు ఈ మాత్ర వేసుకొనరాదు, ప్రాణాపాయం కలుగుతుంది. సిగ్గుపడక ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పి ఉంచవలెను. అయిదు నిమిషాలలో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. రోగిని స్కూటరుపై కూర్చోబెట్టుకొని పోరాదు. యాంజియోగ్రామ్ రిపోర్టు, మందుల చీటీ, రక్తం గ్రూపు, డబ్బు, ఆరోగ్యశ్రీ లేదా బీమా కార్డు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడ ఉన్నదో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. డబ్బు సర్దుబాటు కాక ఆగుతున్నవారు ముందుగా కార్డు వర్తిస్తుందేమో ఆసుపత్రి కౌంటరులో విచారించండి. బైపాస్ ఖరీదైన చికిత్స కనుకనే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో దానికి చోటు దక్కింది.

ఆపరేషన్ తరువాత ఏ మూలికలు వాడాలని కూడ పాఠకులు అడుగుతుంటారు. కోసిన రొమ్ము ఎముక అతుక్కొనడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. అంతవరకు బిందె ఎత్తరాదు, మనుమలను చంకనెత్తుకొనరాదు, స్కూటరు నడపరాదు. తెల్లమద్ది పాల సంగతి ఆ తరువాత, మీ గుండె డాక్టరుకు చూపించుకొని, వాడుతున్న మందుల చీటీతో నా వద్దకు వస్తే అప్పుడు మాట్లాడుకుందాము.